గుడ్డ కప్పిన షామా పంజరం

డ్రాయింగ్ మాస్టరుగా రిటైరైన శ్యామ్‌సుందర్ నాంపల్లిలో ఓ కిరాయి వాటాలో ఒక్కడే ఉంటాడు. గోడ అవతలి వాటాలో ఉండే సైన్స్ టీచర్ సుగుణమణికి మెదక్ బదిలీ అయింది. బుల్‌బుల్ పిట్ట ఉన్న బుట్ట పట్టుకుని ఆయన గడపలో నిలబడింది. ఎదురుగా షామా అనే పాటల పిట్ట పంజరం గుడ్డ కప్పి వేలాడుతోంది.

"గుడ్డ ముట్టకుండ్రి టీచరమ్మా! షామా బెదురుతది."

"ముట్టలే సార్. పొయ్యేనాడు గూడ చూపియ్యరా?"

"వెలుతురు పడితే పాట బంద్ జేస్తది. షామాను గుడ్డ కప్పే సాకాలె. మా నాయిన గూడ గంతే."

"బుల్‌బుల్‌కు గీ తిప్పలు లేవు."

"బుల్‌బుల్‌ది ఏముంది! బాగే ఆమ్ తోటల ఏ పొద జూసినా అదే. షామా అట్ల దొరుకుతదా?"

"గదే నేననేది. బుల్‌బుల్ మన నడుమనే గూడు కట్టుకుంటది, దానికి ఫికర్ లేదు. షామాకు చిక్కటి అడవి గావాలె. అడవి కొట్టేసిన్రు, మిగిలిన పిట్టల్ని పట్టి అమ్మిన్రు. కరువైపోతున్నయి సార్."

"ఇప్పుడు గవన్నీ ఎందుకు..."

"మా తమ్ముడు రిచర్డ్ ఫారెస్టు ఆఫీసుల ఉన్నడు గద. మీ షామాను అడవిల ఇడుస్తనన్నడు. బయట రిక్షా కాడ ఉన్నడు."

"ఇయ్య! నేనియ్య. గీ ఇంట్ల దాని గొంతు తప్ప ఏముంది నాకు? అది పాడితేనే గద, పొద్దున మీరు గోడ కాడికొచ్చి పలకరించేది."

"రేపటి సంది నేనుండ గద సార్."

"...ఔ. ఉండరు."

"భయపడకుండ్రి. గాడ షామా లేదని రిచర్డ్‌కు చెప్పిన."

"నా కోసం అబద్ధం చెప్పిన్రా?"

"అబద్ధం గాదు. వానకాలంల మీకు గొంతు పట్టింది, మాట పెగల్లే. గన్ని దినాలు షామా గూడ పాడలే."

"టీచరమ్మా..."

"ఈల బాగ వేస్తరు సార్. అసలుది ఎప్పుడు పోయింది?"

"నిరుడు చలికి సచ్చిపోయింది. మొజంజాహీ మార్కెట్ కాడ పిట్టలోణ్ణి అడిగిన. షామాలు వస్తలేవు, బుల్‌బుల్ తీస్కపొమ్మన్నడు. బుల్‌బుల్ కోసం గోడ కాడికి ఎవరొస్తరు?"

"గా పంజరం ఇటియ్యిండ్రి. ఈ బుల్‌బుల్‌కు రెక్క ఇరిగింది, బయట బతకది. మీ కాడ పెట్టిపోత. దీనికి గుడ్డ అక్కర్లే."

"ఆగుండ్రి... పిట్ట లేదని ఎరుకై గూడ రోజూ వచ్చిన్రా?"

"పొద్దున్నే నన్ను పిలిచేటోళ్లు గీ పట్నంల ఇంకెవ్వరున్నరు సార్?"