పదో పుస్తకం

టీచరమ్మ వచ్చేదాకా ఆటోలో పుస్తకాల కట్టలేటీ ఎక్కించొద్దని సత్తిబాబుకి రెండుమాట్లు సెప్పేనండి. ఆడు ఇంటాడేటి? "హాస్టల్ వంటమ్మ కూడా నాకు ఆర్డర్లేస్తంది" అని నవ్వి, తొమ్మిది కట్టలు ఎక్కించీసేడు. పదోది నేను లాక్కున్నాను. అందుకే ఇలా మెట్టు మీద, కట్ట ఒళ్లో పెట్టుకుని కూసున్నాను. నవ్వకండి టీచరమ్మా.

ఇవి రేపే మా గూడేనికి ఎల్లాలని తెలుసు. రావికమతం దాటేక కొండ ఎక్కాలి, ఆలీసమైతే ఆటో రాదు, అదీ తెలుసు. రేపు బడి ముందు అందర్నీ కూసోబెడతారు. మీ బడిలో పనిచేసే రోజా తన మూడు నెల్ల గుంటని ఒళ్లో ఏసుకుని ఈ పదో పుస్తకంలో పాట పాడతాది. నా గొంతు ఫోన్లో పంపి మీరే నేర్పించేరు. ఆ పిల్లకి మా కువి మాట సరిగ్గా రాదు పాపం, తల్లి తెలుగే మాటాడింది దానితోటి. అయినా నా గొంతు ఇని అచ్చంగా దింపీసింది.

అదే పాడకూడదంటన్నాను.

ఎందుకా? ఆగండి, సెప్తాను. గబగబా అడిగితే నాకు మాట రాదు. వందమంది పిల్లలకి వండుతాను గానీ "కూర అయిపోయింది" అని గట్టిగా అనలేను, మీకు తెలీదేటి?

పొద్దున్న అచ్చియ్యమ్మ వచ్చింది. మా గూడెం ముసిల్ది. కొండసీపుర్లు అమ్మడానికి చోడవరం దిగినప్పుడల్లా నా కాడ గంజి తాగి ఎల్తాది. ఈపాలి మనవరాల్ని కూడా తెచ్చింది. నాకు గర్వం ఎక్కువైపోయిందండి. మా మాట అచ్చులో పడింది. అట్ట మీద "కొర్రా మాలచ్చి సెప్పినది" అని నా పేరు. ఐదో తరగతితో ఆగిపోయినదాన్ని, నేనే సదివి ఇనిపించేను.

కోడి పుస్తకానికి నవ్వింది. సామల పుస్తకం సదివితే, "ఇప్పుడు సామలు ఎవలు తింటన్నారే, రేషన్ బియ్యమే గదా" అంది. ఎలుగ్గొడ్డు బొమ్మ సూసి, "అచ్చం మా ఆయనే" అంది.

పదోది పాడేను.

ముసిల్ది గబుక్కున మనవరాలి సెవులు రెండూ మూసీసింది. నాకేసి సూసి, "ఎవలింట్లో పోయేరే?" అంది.

అర్థమయిందా అండీ? ఇది జోలపాట కాదు. మా గూడెంలో పసిగుంట పోతే, తీసుకెల్లే ముందు తల్లి ఒళ్లో పెట్టుకుని పాడతాది. అప్పుడే, ఆ ఒక్కపాలే. బతికున్న గుంట ఉన్న ఇంట్లో దీన్ని నోట రానివ్వరు.

రేపు రోజా నోరు తెరిస్తే ఏటవుద్దో సూడండి. ఒక్కరు కూకోరు. పది పుస్తకాలూ పొయ్యిలో పెట్టీసి, మీ బడికి పిల్లల్ని మానిపించీగలరు. అదీ పోనీండి. ఆ పసిదానికి ఎల్లుండి జొరమొస్తే? ఊరికే వచ్చే జొరమే అనుకోండి. రోజా జన్మంతా ఏటనుకుంటాది?

అలా సూడకండి నన్ను. "తెలీక సెప్పింది, దీని తప్పేటుంది" అనుకుంటన్నారు మీరు. అచ్చియ్యమ్మకీ అదే సెప్పేను. సిన్నప్పుడే కొండ దిగిపోయేను, నాకేటి తెలుసు అని.

దిగిపోయింది నిజమే. ఆరేళ్లకి ఈ ఊరు తెచ్చేరు, ఒకరింట్లో గుంటల్ని ఆడించడానికి. ఐదో తరగతి దాకా ఆళ్లే బడికి పంపేరు. ఆళ్ల పిల్లల్ని తెలుగు జోలలే పాడి పడుకోబెట్టేను. మా మాట ఒక్కటి జారితే "కొండ గొణుగుడు మొదలెట్టింది" అనీవోరు. నా కూతురికీ తెలుగే పాడేను మరి.

కానీ తెలీక కాదు టీచరమ్మా.

పాటకి అర్థం అడిగేరు గదా, కాయితం పెన్నూ పట్టుకుని. నేనేటి సెప్పేను? "ముందు నువ్వు పడుకో, నీ ఎనకే మేం పడుకుంటాం, తోవంతా సల్లగున్నాది." ఎంత బావుందో అన్నారు. రాసుకున్నారు. బొమ్మ కూడా అలాగే ఏయించేరు, గుడ్డ ఉయ్యాలా, అందులో నవ్వుతా గుంటా.

పడుకో అని పాటలో లేదండి. "ముందు నువ్వెల్లు, నీ ఎనకే మేమొస్తాం" అని ఉన్నాది. నేనే మార్చీసేను. మీ మొకంలోకి సూస్తానే, తడుముకోకుండా.

ఎందుకంటే ఏటి సెప్పను?

తొమ్మిది పుస్తకాలకి సెప్పడం అయ్యేక మీరొక మాటన్నారు. "మీ అమ్మ నీకు పాడిన జోలపాట ఇయ్యి మాలచ్చీ, పదోది అదే వేద్దాం." ఆ మాట అనకుండా ఉండాల్సింది మీరు. మూడు రోజులు ఎతికేను. బియ్యం ఏరతా ఎతికేను, గుండిగలు తోమతా ఎతికేను. పాడే ఉంటాది గదా, ఏ తల్లి పాడదు? ఒక్క ముక్క దొరకలేదు.

దొరికింది ఇదే. మా తమ్ముడు పోయిన నాటిది. ఆడికింకా పేరైనా పెట్టలేదు. అమ్మ ఆణ్ణి ఒళ్లో ఏసుకుని పాడతంది. ఇల్లంతా జనం, నన్ను ఎవలూ సూడలేదు. నేనెల్లి అమ్మ తొడ మీద, ఆడి కాళ్ల పక్కన తల పెట్టేను. తోసీలేదు. పాడతానే నా నెత్తి మీద సెయ్యేసింది.

నేను నిద్దరపోయేనండి. ఆ పాటకే, హాయిగా. లేచేసరికి తమ్ముడు లేడు. కోతలయ్యేక నన్నూ కిందకి పంపించీసేరు.

రోజాకి ఫోన్ సెయ్యండి. పాడొద్దనండి. ఎందుకో నేనే సెప్తాను, రేపు గూడెమంతా కూసున్నాక నించుని సెప్తాను. మాట రాకపోతే రానీండి. జోలపాట కావాలంటే అచ్చియ్యమ్మకి వచ్చు, బతిమాలుకుందాం.

ఇదిగో కట్ట. సింపీస్తారో, దాసీస్తారో మీ ఇష్టం. లెక్కెడితే ఒక పుస్తకం తగ్గుద్ది. నేనే తీసేను. మిమ్మల్ని అడగలేదు. మీరడిగినా ఇయ్యను.