చోళపురం రోడ్డు శాలువ

రామసామి మామ నోరు తెరిచినాడంటే కన్నమ్మాళక్క టీకొట్లో పొంగే పాలు గూడా ఆగి వింటాయి. ఆ పొద్దు మామ మాట్లాడింది శాలువ కోసరం. కొత్త ఫోర్‌వే రోడ్డు వేసేటప్పుడు చెట్లని కాపాడినోళ్లకి అవార్డంట, శాలువ కప్పుతారంట. ఊరి నుంచి ఒక్క పేరు సాయంత్రానికి చెప్పమని రోడ్డాఫీసులో పని చేసే అళగిరికి ఇంజనీర్ చెప్పినాడు. అళగిరి మనసులో ఉండేది కన్నమ్మాళక్క. గ్లాసులు కడిగిన నీళ్లు గూడా పారబొయ్యకుండా రోడ్డు పక్క మొక్కలకి మోసేది ఆమే. అయినా మామ ఎదురుగా ఆ మాట ఎట్ల చెప్పేది? పెద్దాయన, అందులో తన అమ్మకి అన్న.

"నేనేమీ గొప్ప చెప్పుకోనురా," అని మామ మొదలుపెట్టినాడు. "ఒక్క చింతచెట్టు. జేసీబీ వచ్చింది, నేను అడ్డం నిలబడితి. అంతే."

"ఆగిందా?" అన్నాడు ఆండి, బస్సు కోసరం కూర్చోనుండేవాడు.

"డ్రైవర్ దిగి దండం పెట్టినాడు! ఆ తర్వాత ఏమైందో తెలుసా? చోళపురంలో నాటుదామని చెట్టుని వేళ్లతో సహా ఎత్తి లారీలో పెట్టినా. వేళ్లకి దెబ్బ, పాపం. సత్రపట్టి మగ్గాలోళ్లకి ఫోన్ కొట్టి, ఆసుపత్రులకి నేసే కట్టుగుడ్డ అంతా తెప్పించి చుట్టినా. ఆ వారం మదురైలో కాలు విరిగినోడికి కట్టేదానికి గుడ్డ లేదంటే చూసుకో!"

"ఒక్కడివే చుట్టినావా?"

"ఇంకెవరుండారు? కొమ్మ మీద కాకిగూడు, అందులో గుడ్లు. అదరకూడదు గదా? మెల్లగా తోలినా, ఎంత మెల్లగా అంటే నత్త ఒకటి నన్ను దాటుకొని పాయె. చోళపురం చేరేటప్పటికి గుడ్లు పిల్లలై, వాటికి రెక్కలొచ్చి, పెండ్లిళ్లు గూడా అయినాయి. నన్ను పిలిచినాయిరా!"

"సాపాటు ఏమి పెట్టినాయి అన్నా?" అన్నింది కన్నమ్మాళ్.

"వడలే. నీ కొట్లో ఎత్తుకుపోయినవే!"

ఆండికి టీ ముక్కులోకి పాయె. మామ ఆగలా.

"మరునాడు తలుపు తీస్తే మా వాకిలి నుంచి మంసాపురం దాకా చెట్లు! వేళ్లని పంచె మాదిరి పైకి ఎత్తి పట్టుకొని నడిచి వచ్చినాయి. 'రామసామన్నా, మమ్మల్ని గూడా వేరే చోటికి మార్చు' అని ఒకటే ఏడుపు. టోకెన్ ఇచ్చి పంపినా. ఒక వేపచెట్టు ఎమ్మెల్యే సిఫారసుతో వచ్చింది, ఒప్పుకోలా. సరి అల్లుడా, ఫోన్ చెయ్యి. ఇనిషియల్ మరిచిపోవద్దు, కె. రామసామి."

అళగిరి ఫోన్ తీసినాడు. కన్నమ్మాళక్క తల వంచుకొని గ్లాసులు కడగతా ఉంది.

"చెప్తా మామా," అన్నాడు మెల్లగా. "ఇంజనీర్ ఇంకో మాట గూడా చెప్పినాడు. శాలువ ఎవరికి కప్పితే, చోళపురం దాకా మొక్కలకి వాళ్లే నీళ్లు పొయ్యాల. ఎండాకాలమంతా. తెల్లారకముందే ట్యాంకర్ వచ్చి ఇంటి ముందర హారన్ కొడతాదంట."

మామ ఖాళీ గ్లాసు ఎత్తి తాగినాడు.

"తెల్లారకముందేనా?"

"ఆమా మామా, తెల్లారకముందే."

"నాకైతే మేలే," అన్నింది కన్నమ్మాళ్. "ఇప్పుడు బిందెతో మోస్తా ఉండా. ట్యాంకర్ వస్తే నడుమన్నా బాగుపడతాది."

"నేను మొదటి నుంచి అదే గదా చెప్తా ఉండా!" అని మామ లేచినాడు. "కన్నమ్మాళ్ పేరే చెప్పరా. నేను స్టేజీ కింద నిలబడి చప్పట్లు కొడతా. నా చప్పట్ల సంగతి తెలుసు గదా? ఒకసారి నేను కొడితే కొండమీద వాన..."

"వాన వచ్చే వరకు ఇది పట్టుకో అన్నా," అని కన్నమ్మాళ్ నిండు బిందె ఆయన చంకకి ఎత్తింది. "ఆ చివర మొక్కలకి ఇంకా పొయ్యలా."