రెండు వేల వోల్టుల పిన్ను

వినికిడి మిషన్లలో పెట్టే చిప్పుల్ని పరీక్షించే కోడలు, పనినుంచి రాగానే భుజాన బ్యాగు కూడా దించకుండా ముందుగదిలో మామగారి పక్కన కూర్చుని గట్టిగా అడగడం మొదలుపెట్టింది. అత్తగారు వంటింట్లో ఉన్నారు.

"అలా కాదు మామయ్యా, మళ్లీ మొదట్నుంచి చెప్పండి. ఉన్ని శాలువా తీశారు. తర్వాత?"

"తర్వాతేముంది, వేలు చెవి మిషనుకి తగిలింది. చిటుక్కుమంది. మిషను పోయింది. ఎన్నిసార్లు చెప్పించుకుంటావమ్మా?"

"ఎక్కడ తగిలింది? ఛార్జింగు పెట్టే చోటా?"

"ఆ, అక్కడే. అక్కడే అనుకో."

"అనుకోవడం కాదండీ. మీ మిషన్లోని చిప్పుకున్న ఒక్కో పిన్నుకీ షాకు కొట్టి చూసింది నేనే. మనిషి వేలినుంచి ఎంత మెరుపు దూకుతుందో లెక్కగట్టి, అంతే కొడతాం. ఛార్జింగు పిన్ను రెండు వేల వోల్టుల్ని తట్టుకుంది. రెండు వేలని సంతకం పెట్టిందీ నేనే."

"గోడలో కరెంటే అంత ఉండదు కదమ్మా. నా వేల్లో ఉందా?"

"ఉంటుంది, ఉన్ని ఒంటికి రాసుకుంటే పోగవుతుంది. కాకపోతే రెప్పపాటు కూడా నిలవదు, మనకి చురుక్కుమని ఊరుకుంటుంది. చిప్పుకైతే లోపల కాలిపోతుంది. అందుకే మెరుపు పక్కకి పోయేలా పిన్ను దగ్గరే ఓ దారి పెడతారు."

"మరి నాది ఏ దారిన పోయిందో."

"అదే నన్ను తినేస్తోంది. ఇలా ఇవ్వండి, రేపు తీసుకెళ్లి చూస్తాను."

"ఇప్పుడెందుకులే."

"పోయినదాన్ని చెవిలో పెట్టుకుని ఏం చేస్తారు?"

"అలవాటు. తీసేస్తే చెవి బోసిగా ఉంటుంది."

"మామయ్యా, పొద్దున ఆఫీసులో మా పెద్దాయనకి చెప్పేశాను. మా ఇంట్లోనే ఒకటి పోయింది, నా లెక్క తప్పేమో అని. పంపడానికి కట్టిపెట్టిన సరుకంతా ఆపేశారు. రేపు ఆ పిన్ను ఎదురుగా రెండు వేలన్నది చెరిపేసి ఐదొందలని రాయాలి."

"ఆపేశారా? నా ఒక్కడి మాట మీదా?"

"మీరు అబద్ధమాడతారా ఏంటి?"

"అది సరే. నీకు మాటొస్తుందేమో కదా."

"వస్తే రానీండి. ఎవరో ముసలాయన రోడ్డు దాటుతుంటే మిషను ఆగిపోతే?"

"అలా రాయకమ్మా. నీ లెక్క తప్పయ్యుండదు."

"మీకెలా తెలుసు? మామయ్యా... నేను గొంతు తగ్గించి చాలాసేపైంది. గమనించారా?"

"ఏంటీ? వినపడలేదు."

"వినపడింది కాబట్టే చెవులు ఎర్రబడ్డాయి. చిటుక్కుమనలేదు కదూ?"

"అనలేదు."

"శాలువా?"

"ఆ రోజు దాన్ని ఉతకడానికి నానబెట్టింది మీ అత్తయ్య."

"ఇన్నాళ్లూ ఇంటిల్లిపాదీ మీకోసం గొంతు చించుకున్నాం. నాకు కంటిమీద కునుకు లేదు. ఎందుకండీ ఈ నాటకం? అత్తయ్య ఈమధ్య వంటింట్లో తెగ పాడుతున్నారు, అది తప్పించుకోవడానికా?"

"నెమ్మది, నెమ్మది. మీ పెద్దాయనకి చెప్పు, మా మామగారు అబద్ధమాడారని చెప్పు. పిన్ను బంగారంలా ఉందని చెప్పు. సరుకు పంపించేయమను. మీ అత్తయ్యకి మాత్రం చెప్పకు."

"ఆవిడకెందుకు చెప్పకూడదు?"

"ఓరోజు ఛార్జింగు అయిపోయిందన్నాను. నాకు వినపడదని ధైర్యం చేసి గొంతెత్తి పాడింది. ఈలోగా ఛార్జింగెక్కి మిషనుకి ప్రాణమొచ్చింది, చెవిలో పెట్టుకుని విన్నాను. ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ పాట వినడం అదే మొదటిసారి. నేను వింటున్నానని తెలిస్తే ఆపేస్తుందమ్మా."