ఒక స్తంభం ఉరుకుడు, రెండు స్తంభాలు నడుసుడు

హన్మండ్లు కాక కోతలకు మా ఖానాపూర్‌ల పన్ను లేదు గాబట్టి సరిపోయింది. ఉంటే మస్కట్‌ల సంపాయించిందంత దానికే పోయేది. లస్మవ్వ చాయ్ హోటల్ కాడ ఆయిన సైకిల్ ఆగిందంటే, పాల క్యాన్ కంటె ముందు ముచ్చట దిగుతది. నేను ఆటో నడిపేటోణ్ని, పేరు పరశురాములు. పొద్దుగాల గిరాకి లేనప్పుడు కాక కోతలే నాకు నాష్తా.

ఆ పొద్దు మాత్రం ఎవ్వరికీ నవ్వు మొకం లేదు. మా వాడకట్టు నవత ఎడమ డొక్క పట్టుకొని వచ్చి బల్ల మీద కూలబడ్డది. కానిస్టేబుల్ రాతపరీక్ష దాటింది, ఇగ రన్నింగ్ ఒక్కటే అడ్డం. ఊహ తెల్సినప్పటి సంది బీడీల చాట ఒళ్ళె పెట్టుకొని కూసున్న పిల్ల. కాళ్ళు తిమ్మిరెక్కుడు ఎరుక గని ఉరుకుడు ఎరుకలేదు. వారం సంది పొద్దుగాల్నే రోడ్డు మీదికి పోతున్నది, పానం పోయేటట్టు ఉరుకుతున్నది, సగం దారిల కక్కుకుంటున్నది. వచ్చుడు వచ్చుడే బూట్లు విప్పి బల్ల కిందికి తన్నింది.

"అయిపాయె లస్మవ్వా. రేపటి సంది పోను. అవ్వ అన్నట్టు బీడీలే చేస్కుంట."

"నడుమ నడుమ జర నడువరాదా బిడ్డా?"

"నడిస్తే పెట్రోల్ బంకు గోడ మీద కూసున్న పోరలు సీటీలు కొడుతున్నరు. పోలీసమ్మ షికారుకొచ్చిందని నవ్వుతున్నరు."

లస్మవ్వ చాయ్ గిలాస ఆమె ముంగట పెట్టింది. నిజంగనే ఇడిసిపెడ్తదేమో అని నాకు భయమైంది. గప్పుడే హన్మండ్లు కాక గొంతు సవరించుకున్నడు.

"పరశురాములూ, నేను మస్కట్‌ల రన్నింగ్ పందెం గెలిసిన ముచ్చట నీకు చెప్పలేదా?"

"నువ్వు ఆడ లారీ తోలినవు గదా కాకా?"

"లారీ కూసొని తోల్తరు, గందుకే నాకు ఉరుకుడు రాకపాయె. ఇను. మా కంపెనీల పందెం పెట్టిర్రు. మా రూమోళ్ళు నవ్వుకోనీకే నా పేరు రాపిచ్చిర్రు. మొదటి పొద్దు గుడ్డెద్దు చేన్ల వడ్డట్టు ఉరికిన. రెండు కరెంటు స్తంభాలు దాటలే, పేగులు నోట్లెకొచ్చినయి. గప్పుడు ఒక షరతు పెట్టుకున్న. ఒక స్తంభం ఉరుకుడు, రెండు స్తంభాలు నడుసుడు, ఎవడు నవ్వినా సరే. ఉరికేటప్పుడు పక్కోనితోటి ముచ్చట పెట్టేటట్టు ఉండాలె, మాట తెగిందంటే జోరు ఎక్కువైనట్టు. అది గూడ దినమిడిసి దినం, ఒంటికి జర ఆరాం ఇయ్యాలె గదా. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా?"

"ఏమైంది?"

"నెమ్మదిగ రెండు స్తంభాల నడక ఒక్కటైంది, ఆ ఒక్కటి గూడ పాయె. ఒకనాడు పెద్ద రోడ్డు మీద ఉరుకుతుంటే కండ్ల ముంగట తళుక్కుమన్నది. ఏందని చూస్తే బండ్ల జోరు పట్టే కెమెరా! పక్కపొంటి కారు పోతున్నది, దానికి కొట్టలే, నాకు కొట్టింది. కంపెనీకి చలాన్ వచ్చింది, బండి నంబరు రాసే కాడ నా బనీను నంబరు రాసిర్రు."

"పందెం గెలిసినవా మరి?" అన్నది లస్మవ్వ.

"గెలుసుడేంది అక్కా, నేను రిబ్బన్ తెంపినంక పందెం షురు చేసే తుపాకి పేలిన చప్పుడు ఇనొచ్చింది."

నేను నవ్విన. నవత నవ్వలే, చాయ్ ముట్టలే. కాక ఆమె దిక్కు ఒక్కసారి చూసి గొంతు తగ్గించిండు.

"గది చిన్న ముచ్చట. అసలుది ఊరికొచ్చినంక. ఉరుకుడు ఇడిసి శాన దినాలైంది, మల్ల మొదటికెల్లి షురు చేసిన. జైనూర్‌ల మా చెల్లె ఇంటికాడ ఉన్న. పొద్దుగాల ఘాట్ రోడ్డు మీద ఉరుకుతున్న. మంచు కమ్మింది, పిట్ట గూడ అరుస్తలేదు. ఎనుక ఆకుల చప్పుడు. నేను మలిగి చూడలే. చూసి ఏం చెయ్యాలె, పులికి మొకం చూపిచ్చుడు తప్ప! వాసనకే తెల్సింది. గంతల స్తంభం వచ్చింది. షరతు ప్రకారం ఏం చెయ్యాలె?"

"ఉరుకాలె!" అని ఒర్రిన నేను.

"నడువాలె. నడిసిన."

లస్మవ్వ చాయ్ పోసే చెయ్యి ఆగింది. "పులిని ఎనుక పెట్టుకొనా?"

"పులిని ఎనుక పెట్టుకొనే. దాని ఊపిరి నా పిక్కలకు తగుల్తున్నది. ఒంట్లె ఉన్న నరమంత ఉరుకు, ఉరుకు అంటున్నది. చెట్ల మీద కోతులు వరుసకు కూసొని పండ్లికిలిస్తున్నయి, పులొస్తుంటే వీడు షికారు చేస్తుండు చూడుర్రి అని. ఇకిలియ్యనీ. ఒక స్తంభం నడిసిన, రెండో స్తంభం గూడ నడిసిన. పులి బిత్తరపోయింది, దాని ముంగట నడిసినోణ్ని అది పుట్టి బుద్దెరిగి చూడలే. గప్పుడు ఉరికిన. అది గూడ దుంకింది. దుంకుడు దుంకుడే నన్ను దాటి పోయింది! ఆగరాలే దానికి. ఎనుకకొచ్చుడు, మల్ల దాటి పోవుడు. నేను ఉరుక్కుంటనే ముచ్చట పెట్టిన, పులీ, ఇంటికాడ అందరు మంచిగున్నరా అని. జవాబియ్యలే, దమ్ము ఏది?"

"తర్వాత?"

"తర్వాత వాగు మీద ఒక మోరి వచ్చింది. ఆ మోరి గోడ పక్కకు కూలబడ్డది పులి. ఎడమ డొక్క మీద పంజ పెట్టుకున్నది, నాలిక బయటికొచ్చింది. నేనొస్తున్నది తెల్సి మొకం వాగు దిక్కు తిప్పుకున్నది, ఎవ్వరు చూడొద్దని. గప్పుడు నేనేం చేసిన్నో ఎరుకేనా? పక్కన కూసొని ఈపు నిమిరిన. పులీ, నీ కాళ్ళు మంచియే, నీ తొందరే చెడ్డది అన్న. రేపు కాదు, ఎల్లుండి రమ్మన్న. వచ్చింది! ఒక స్తంభం ఉరికిపిచ్చిన, రెండు స్తంభాలు నడిపిచ్చిన. ఫారెస్టోళ్ళు దాని అడుగుల అచ్చులు చూసి పరేషాన్, గీ పులి ఉరుకుతది, నడుస్తది, మల్ల ఉరుకుతది, దీనికేమన్న పిచ్చి లేసిందా అని. ఇప్పుడు దాని పేరు చెప్తే జింకలు సామాను సదురుకొని మహారాష్ట్ర పోతున్నయి."

ఇగ నాతోటి కాలే.

"కాకా, ఆగు. వారం వారం జైనూర్ అంగడికి ఆటో తోలేటోణ్ని. నువ్వు చెప్పే అడివిల కరెంటు స్తంభం ఒక్కటి లేదు. మరి నువ్వు, పులి ఏం చూసి నడిసిర్రు?"

లస్మవ్వ కొంగు నోట్లె కుక్కుకొని నవ్వింది. కాక గిలాస ఎత్తి తాగిండు. అండ్ల చాయ్ లేదు, అయినా తాగిండు.

నవత మాత్రం ఆయిన దిక్కే చూస్తున్నది.

"కాకా, పొద్దుగాల నేను మన రోడ్డు మీది మోరి కాడ కూసున్నప్పుడు ఎనుకకెల్లి సైకిల్ బెల్లు ఇనొచ్చింది. సిగ్గయి మొకం తిప్పుకున్న. నువ్వేనా?"

కాక పాల క్యాన్ మూత బిగిచ్చిండు. అది బిగిచ్చే ఉన్నది.

"గా పులి నేనే గదా?"

నవత వంగి బల్ల కింద చెయ్యి పెట్టి బూట్లు గుంజింది. తాళ్ళు కట్టుకొని రోడ్డు మీదికి పోయింది.

బంకు గోడ మీద పోరలు ఇంక ఉన్నరు. నవత మెల్లగ ఉరికింది. పెదవులు కదులుతున్నయి, తనతోటి తనే ఏందో ముచ్చట పెట్టుకుంటున్నది. మొదటి స్తంభం వచ్చింది. మేం ముగ్గురం లేసి నిలబడ్డం.

నడిసింది.

సీటీలు మోగినయి. "పోలీసమ్మ షికారుకొచ్చిందిరోయ్!" అని ఒకడు ఒర్రిండు. ఆమె ఈపు కట్టె లెక్క బిగుసుకున్నది, కాలు తడబడ్డది. అయ్యో, ఇప్పుడు ఉరికితే మల్ల మోరి కాడనే తేలుతది.

"ఉరుకకు బిడ్డా, ఉరుకకు" అని నోట్లె నోట్లెనే అంటున్నది లస్మవ్వ.

నడకల ఒక స్తంభం దాటింది. సీటీలు ఇంక జోరైనయి. నవత తల తిప్పలే. రెండో స్తంభం కాడికి నడుసుకుంటనే పోయింది, దాన్ని చేతితోటి ముట్టింది, గప్పుడు ఉరికింది.

కాకకు పానం లేసొచ్చింది. "చూసినవా పరశురాములూ, మస్కట్‌ల నేను గూడ గిట్లనే..."

"ఊకో హన్మండ్లు" అన్నది లస్మవ్వ, రోడ్డు మీదికెల్లి కన్ను తియ్యకుంట. "పులి ఉరుకుతున్నది."