కార్డుల బాబాయి

ఆ టీవీ సౌండు కాస్త తగ్గించమ్మా. విన్నాలే, వార్తల పిల్ల ఊరి పేరు ఖూనీ చేసింది, నువ్వు పడీపడీ నవ్వుతున్నావు. నవ్వకే తల్లీ. మీ తాత రేడియోలో వార్తలు చదివేవాడని నలుగురికీ చెప్పుకుంటావు కదా, ఈ సంగతి మాత్రం నీకు తెలీదు. మీ నానమ్మకే చెప్పలేదు. మా స్టేషన్లో ఒకాయన ఉండేవాడు, కార్డుల బాబాయి అనేవాళ్ళం. మెట్ల కింద గది ఆయనది. గదంటే ఏం గదిలే, బల్ల పట్టాక మనిషి పట్టడమే కష్టం. చెక్క సొరుగుల నిండా కార్డులు, కార్డుకో ఊరు. వార్తల్లో కొత్త ఊరు తగిలితే చాలు, అక్కడి పోస్టాఫీసుకి ఫోను. "అయ్యా, మీ ఊరి పేరు ఒక్కసారి అనండి. ఏదీ, ఇంకోసారి. మీ అమ్మగారెలా అంటారు?" అవతలివాడు విసుక్కున్నా వదిలేవాడు కాదు. ఎక్కడ ఒత్తాలో, ఎక్కడ సాగదీయాలో ఎర్ర పెన్సిలుతో గుర్తులు. బులెటిన్‌కి ముందు మేం వెళ్ళి ఆయన ముందు పేర్లన్నీ పైకి చదవాలి. ఆయన తలూపితేనే స్టూడియోలోకి. ఆఁ? చదువా? పెద్దగా లేదమ్మా, ఫైళ్ళు మోసే పనిలో చేరి అక్కడిదాకా వచ్చాడు. నాకు ఒళ్ళు మండేది అక్కడే. నా గొంతంటే జనం చెవి కోసుకుంటుంటే, ఈయన ముందు బడిపిల్లాడిలా అప్పజెప్పాలా అని.

వరదలొచ్చాయి. ఒక ఊరు ఊరంతా మునిగింది. కార్డు చేతిలో పెట్టి, "ఒక్కసారి అనిపోరా అబ్బాయ్" అన్నాడు. "టైం లేదు బాబాయ్" అన్నా. ఉంది. పది నిమిషాలుంది. నోటికొచ్చినట్టు చదివేశాను, అదీ మూడుసార్లు, మహా గంభీరంగా. వారం తిరక్కుండా ఉత్తరం. సంతకాలు, వేలిముద్రలు. "ఇళ్ళు పోయాయి, గొడ్లు పోయాయి, పేరొక్కటే మిగిలింది. దాన్నీ పాడుచేశారు" అని. డైరెక్టరు నన్నూ బాబాయినీ పిలుస్తున్నాడనగానే కార్డు వెతికి చూసుకున్నా. ఆయన సరిగ్గానే రాశాడమ్మా. మీ నానమ్మకి నెలలు నిండాయి, నాకేమో ఉద్యోగం ఊడుతుందని భయం. "కార్డులో అలాగే ఉంది సార్" అన్నాను. "ఏదీ కార్డు?" "పడేశాను సార్." అది నా చొక్కా జేబులోనే ఉంది! పల్చటి చొక్కా, ఎర్ర గుర్తులు పైకి కనబడుతున్నాయి. బాబాయి నా జేబు వంక చూశాడు. చూసి, "ఈమధ్య చెవి మందగించిందండీ. నేనే తప్పు విని ఉంటాను" అన్నాడు. చెవితో బతికిన మనిషి చేత ఆ మాట అనిపించాను చూడు. ఛీ.

ఆ నెలలోనే ఆయన్ని ఇంటికి పంపేశారు. వెళ్తూ వెళ్తూ సొరుగుల తాళంచెవి నా చేతికిచ్చి, ఒకే మాట అన్నాడు. "ఆ కార్డు మాత్రం మళ్ళీ సొరుగులో పెట్టు అబ్బాయ్. రేపెవరైనా చదవాలి కదా." పెట్టలేదు. పెడితే దొరికిపోతానని. ఆయన పోయాడని కబురొస్తే చూడ్డానికీ వెళ్ళలేదు, ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? నా తర్వాత వచ్చినవాళ్ళంతా నేను చదివినట్టే చదివారు ఆ ఊరిని. ఇప్పటికీ అంతే. ఇందాక నువ్వు నవ్వావే, ఆ పిల్ల అన్నది ఆ ఊరి పేరే.

ఏంటీ? సరిగ్గా ఎలా అనాలా? కార్డు బీరువాలోనే... వద్దులేమ్మా. సౌండు పెంచుకో.