ముత్తెన్నను కాకి తన్నిన రోజు

“అవ్వా, ముచ్చట ఇన్నవా? ముత్తెన్న సచ్చిపోయిండట. టీవీల సూపెడ్తున్నరు. ఆయన నీకు మస్తు ఎర్క గదా, జెప్పరాదు.”

ఎవలు జెప్పిర్రు? టీవీలనా? ఇగ టీవీల జెప్పినంక అయిపాయె. గా టీవోడు వాన పడ్తదంటడు, నేను ఉరికిచ్చి దండెం మీది బట్టలు తీస్త, సూస్తె మొగులు మీద తునకంత మబ్బుండది. గసోంటోడు జెప్పిన సావు నేను నమ్మాలె. జర సౌండు తక్కువ జెయ్యి. కాదు కాదు, ఉండనియ్యి, గా తెల్లంగి పెద్దమనిషి ఏమంటున్నడో ఇందాం. ఆఁ, గదే. తీరని లోటట. ఎవ్వలు వోయినా గిదే లోటు, ఎన్నడు తీరకపాయె. ముత్తెన్న మా ధర్న టెంట్ల కూసున్ననాడు గీయన కారు మా ముంగటికెల్లే పోయింది బిడ్డా. అద్దం గూడ దించలే. దుమ్ము మాత్రం కమ్మగ మా మీద పోసి పోయిండు. ఇయ్యాల సూడు, సొంత తమ్ముడే పోయినట్టు తువ్వాల కండ్లకద్దుకుంటున్నడు.

ఏంది, ఫోన్ల రికార్డు పెట్టినవా? పెట్టుకో. నా మాటలు ఇనేటోల్లు ఇంట్ల ఎట్లాగు లెవ్వరు, ఫోనన్న ఇంటది.

ముత్తెన్నది వర్ని దిక్కు. వరి పండించెటోల్ల పోరడు. పొలంల నాటు ఎయ్యమంటె గెట్టు మీద నిలవడి పాటలు వాడేటోడట, వాల్ల బాపు కట్టె వట్టుకొని ఉరికిస్తుండెనట. గట్ల ఉరికి ఉరికి పట్నంల తేలిండు. ఆడ టీవీ సీరియల్ల మామ ఏషం దొరికింది. మామ అంటె ఉత్త మామ గాదు, కోడలిని రాచి రంపాన పెట్టె మామ. మాపటికి మేమంత మా ఇంట్లనే కూసుంటుంటిమి, వాడకట్టు మొత్తంల మనకే టీవీ ఉండె, ఒల్లె చాట, చాటల తునికాకు, తంబాకు, చేతులు బీడీలు సుడుతుంటయ్, నోర్లు ముత్తెన్నను తిడుతుంటయ్. గా తిట్లల్లనే ఎన్ని కట్టలు తయారైతుండెనో. ఆయన ఎంత పాపం జేస్తె మాకు గంత పని నడుస్తుండె, నిజంగనే.

మీ తాత గప్పుడు చక్కెర ఫ్యాక్టరీల సీజన్ పని జేస్తుండె. చెరుకు ఆడినన్ని నెలలు పనికి, ఆడనన్ని నెలలు అరుగు మీదికి. గప్పుడు మన బోధన్ అంటె, బస్సుల పండుకున్నోనికి గూడ పాకం వాసనకు మెలకువ అస్తుండె, ఊరచ్చిందని దిగెటోడు. గిప్పుడు ఫ్యాక్టరీ మూతవడ్డది, కండక్టరు ఒర్రితె గని ఎర్కగాదు. ఏడున్న? ఆఁ, ముత్తెన్న.

మేము బీడీలు సుట్టి సాయంత్రం కార్ఖానకు తీస్కవోతుంటిమి గదా, ఆడ చెకింగాయన ఉంటుండె. కట్ట ఇప్పి, మొకం గిట్ల వెట్టి, గుప్పెడు బీడీలు పక్కకు తీస్తుండె. “ఇవి బాగలెవ్వు” అని. బాగలెవ్వంటె మాకు వాటి కూలి లేదు. సరె, బాగలేకుంటె పారెయ్యాలె గదా? పారెయ్యడు. పక్క గంపల ఏస్తడు. గా గంప లోపలికి వోతది, లోపలికి వోయినంక గా బీడీలకు ఏం మందు వెడ్తరో, ఏం దేవుని బొట్టు వెడ్తరో, అన్ని మంచిగైపోతయ్, మంచియాటితోనే కలిసి అమ్ముడువోతయ్. మస్తు మహిమగల గంప. మా చేతులకెల్లి పోంగ చెడ్డవి, కార్ఖాన సేటు చేతికి వోంగనే మంచివి.

మేమేమడిగినం? మా బీడీ బాగలేకుంటె మా ముంగట్నే ఇరగ్గొట్టురి, గంతే. ఇరగ్గొడ్తె ఉత్తగనే ఎవ్వడు తియ్యడు గదా, వానికి గూడ పాయిద లేదు. గింత మాటకు సేటు మా దిక్కు సూడలే. టెంటేస్కొని కూసున్నం. కూసున్నం, కూసున్నం, సేటు కారు లోపలికి పోవుడు, బయటికి అచ్చుడు. పని బందు, పొయ్యి మీద ఎసరు బందు. మా అత్త అన్నది, మన దిక్కు ఎవడన్న పేరున్నోడు ఉంటెగని గీ సేటు దిగడు అని. మా వాడ పోరగాండ్లు వోయి ముత్తెన్నకు జెప్పి అచ్చిర్రు.

అచ్చిండు బిడ్డా. సీరియల్ పని జర పక్కకు వెట్టి అచ్చిండు. మరి మావోల్లు ఏం జేసిర్రు? నెత్తిన వెట్టుకున్నరనుకుంటున్నవా? ఒక్కతె లెవ్వలే, కూసోమనలే. మా అత్త అయితె ముక్కు మీద ఏలు వెట్టుకొని, “నిన్న గా పిల్లను సలిల బయట నిలవెట్టినవ్, నీ కడుపుల పుట్టినదానికి గట్లనే చేస్తవార?” అన్నది. గాయన కింద చాప మీద కూసున్నడు. “అవ్వా, గది పొట్టకోసం చేస్తున్న. నువ్వు సేటు బీడీలు సుట్టినట్టే నేను మా సీరియల్ సేటు మాటలు జెప్పుడు. తప్పైంది, గా పిల్లను లోపలికి పిలుస్త” అన్నడు. గప్పుడు మా అత్త నీల్లిచ్చింది. తరువాత నిజంగనే సీరియల్ల గా పిల్లను లోపలికి పిలిచిర్రు. మా అత్త సచ్చేదాక గది తానే చేయించిన అనుకున్నది. అనుకోని, ఏం వోయింది.

గా దినం సంది మాతోనే ఉండె. టెంట్లనే తినుడు, టెంట్లనే కూసునుడు. మనిషి ఎర్రగ, బుర్రగ, పెద్ద పొట్ట, నెత్తికి మాత్రం నల్లరంగు, ఎంత నలుపంటె మా ఇంట్ల రొట్టెల పెంక గూడ గంత నల్లగ లేకుండె. ధర్నకు అచ్చినోనికి రంగెందుకయ్యా అంటె నవ్వుతుండె. ఇగ ఉపన్యాసాలు. సేటును తిట్టుడు ఒక వాట, దిష్టి, శకునం, పిల్లి అడ్డమచ్చుడు, గివన్ని తిట్టుడు ఇంకొక వాట. “గివన్ని మనల్ని భయపెట్టనీకె పుట్టిచ్చినయ్ అక్కా, నమ్మకురి” అంటుండె. మేము తలలూపుడు. ఇంటికి వోయినంక మిరపకాయలు దిగదుడుసుడు.

ఒకనాడు మిట్టమధ్యాన్నం మైకు వట్టుకొని గదే జెప్తున్నడు, శకునం లేదు గికునం లేదు అని. ఏడికెల్లి అచ్చిందో కాకి, టెంటు బయట ఇట్ల అడుగు వెట్టిండో లేదో, నెత్తి మీద ఫాట్‌మని తన్ని పోయింది. గా రంగు సూసి తన జాతోడే అనుకున్నదేమో. మేమందరం నెత్తి మీదికి కొంగు గుంజుకున్నం. కాకి తలకు తన్నితె సావే గదా. ఆయన మైకులనే నవ్విండు, “గిది సేటు పంపిన కాకి” అని. ఒక్కరం నవ్వలే.

దీనికో పద్ధతుంటది, నీకేమెర్క. కాకి తన్నినోడు సచ్చిపోయిండని వాని సొంతోల్లకు కబురు వెట్టాలె. వాల్లు నిజమే అనుకొని కడుపార ఏడ్వాలె. సావు అస్తది, ఏడ్పులు ఇంటది, తన పని అయిపోయిందనుకొని మల్లిపోతది. గప్పుడు కబురు వెట్టినోల్లే మల్ల జెప్పాలె, ఉత్తదే, మంచిగున్నడు అని. ఎవలు సావు జెప్పిర్రో వాల్లే ఉత్తదని జెప్పాలె. ఇంకోల్లు జెప్తె సెల్లది.

ముత్తెన్నతోని అంటె కోపానికచ్చిండు. “నేను ఇన్ని దినాలు ఒర్రింది గాలికేనా, నా సావు మీరు నడిపిస్తరా?” అన్నడు. సరె అన్నం. మంచిగ జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం వెడ్తె కడుపు నిండ తిని, టెంటు ఎనుక, మాతోని బీడీలు సుట్టె ఖాజాబీ ఇంట్ల పండుకున్నడు. పండుకోంగనే మేము ఆయనను సంపినం.

నన్నే పంపిర్రు ఫోనుకు. ఎందుకంటె మా వాడకట్టుల మంచిగ ఏడుస్తదని నాకే పేరు. గప్పుడు సెల్లులు లెవ్వు, ఎస్టీడీ బూతు. ముత్తెన్న దినాం అక్కతోని మాట్లాడుతుండె, బూతాయనకు నంబరు నోటికే అచ్చు. వాల్ల అక్క లచ్చవ్వ, వర్నిల ఉంటది, పక్కన కిరాణా దుకునంల ఫోను. నేను “లచ్చక్కా, మీ తమ్ముడు మనకు లేడే” అని ఒక్క మాట అన్న. ఆమె పెట్టిన ఏడ్పు బిడ్డా, ఫోను చెవికాన్చలేకపోయిన. ఉత్తదే అని తెలిసి గూడ నేను గూడ ఏడ్చిన. బూతాయన గూడ ఏడ్చిండు, ఆయనకు ఉత్తదని ఎవ్వలు జెప్పలే గదా.

మల్ల జెర్రంతసేపటికి ఉత్తదని జెప్పాలె. ఫోను కొడ్త, ఎవ్వలెత్తరు. కొడ్త, ఎవ్వలెత్తరు. ఎందుకెత్తుతరు, కిరాణాయన దుకునం మూసి, జీపు మాట్లాడి, లచ్చవ్వను ఎక్కించుకొని బోధన్‌కు బయలెల్లిండు. ఇటు బూతాయన వాడంత సాటింపేసిండు. మేము ఒక్క మనిషికి జెప్పిన సావు ఊరంత వాకింది. కేబులు టీవోడు గూడ కెమెర వట్టుకొని అచ్చె.

కెమెర అచ్చిందని ఇనంగనే ఎవలు దిగిర్రనుకున్నవ్? సేటు. బతికున్ననాడు మొకం సూడనోడు, సచ్చిండంటె ఇంత లావు బంతిపూల దండ వట్టుకొని నడిసచ్చిండు. కారు గాదు, నడిసి. పీనుగ ఖాజాబీ ఇంట్ల ఉన్నదనుకున్నడు. గప్పుడే జీపు దిగి లచ్చవ్వ నెత్తి కొట్టుకుంటున్నది. నేను ఉరికి “ఉత్తదే అక్కా” అందామని పోతున్న, మా అత్త నా రెక్క గుంజి గిచ్చింది. “జర ఆగు, సేటు మాట్లాడని” అన్నది. మా అత్త సీరియళ్లు ఉత్తగనే సూడలే.

సేటు మైకు వట్టిండు. గొంతు గద్గదం. ముత్తెన్న నాకు తమ్ముడు, తీరని లోటు అన్నడు. ఇయ్యాల గీ టీవీల గీయన అన్నట్టే, గదే మాట, నేర్పెటోడు ఒక్కడే ఉన్నట్టుంది వీల్లందరికి. మల్ల అన్నడు, “నా తమ్ముని ఆఖరి కోరిక నేను తీరుస్త. రేపటి సంది బాగలేని బీడీలు మీ కండ్ల ముంగట్నే ఇరగ్గొట్టిపిస్త.” మేము ఆగుతమా? చప్పట్లు. సావుకాడ చప్పట్లేందని సేటు బిత్తరవోయి సూస్తున్నడు. గా సప్పుడుకు ముత్తెన్నకు మెలకువచ్చింది. లుంగీ ఎగేస్కుంట, పొట్ట గోక్కుంట, బయటికచ్చి, “ఏమైంది, ఎవలు సచ్చిర్రు?” అన్నడు.

కెమెర పోరడు కెమెర ఇడిసిపెట్టలే, వాని కడుపు సల్లగుండ. లచ్చవ్వ ఉరికొచ్చి తమ్మున్ని మెడ వట్టుకొని ఏడ్సుకుంట రెండు సరిసింది. సేటు చేతుల దండ, ఎటు వెట్టాల్నో తెల్వది. ముత్తెన్న మొత్తం సమజ్ చేస్కున్నడు, ఎంతైనా ఏషాలేసెటోడు, సేటు ముంగటికి వోయి తల వంచిండు. “తెచ్చినవ్ గదా అన్నా, ఎయ్యి. తమ్ముడంటివి” అన్నడు. ఎయ్యక ఏం జేస్తడు. ఏసిండు. మాట గూడ కెమెరల ఉండె, తప్పలేకపాయె.

తెల్లారి కార్ఖానల చెకింగాయన మొకం సూడాలె. నా కట్టకెల్లి ఒక్కటి తీసిండు, నా కండ్ల ముంగట్నే టక్కున ఇరగ్గొట్టిండు. తంబాకు కింద పడ్డది. నా చేతితోని సుట్టిన బీడీ ఇరిగితె నాకు పండుగైంది బిడ్డా, గిసోంటి పిచ్చి ఇంకెవ్వలకన్న ఉంటదా? గా దినం సంది వానికి బాగలేని బీడీలే కనవడలే. మా చేతులు రాత్రికి రాత్రే మంచిగైనయ్ సూడు.

ముత్తెన్న మాత్రం నన్ను ఇడిసిపెట్టలే. “నేను నమ్మకున్న నా మీద మొక్కు దీర్సుకున్నరు” అని నాతోని కొట్లాట. ఎటు వోయినా, నవీపేట్ దిక్కు పసుపు రైతుల మీటింగుకు వోయినా, ఆడెవలో పనోల్ల ధర్నకు వోయినా, మల్లేటప్పుడు నాకు ఫోను. “సాయవ్వా, నువ్వు సంపినోన్ని మాట్లాడుతున్న. చాయ్ పెట్టు, అస్తున్న” అని. పోయిన చలికాలం గూడ ఫోను చేసిండు. గొంతు గీరవోయింది, దగ్గు. నా బీడీ తాగకయ్యా అంటె, “నువ్వు సుట్టిందే తాగుతున్న, బాగలేని బీడీ గాదు గదా” అన్నడు. నాకు నవ్వాల్నో తిట్టాల్నో తెల్వలే. తిట్టిన.

గందుకే జెప్తున్న, నేను నమ్మ. పట్నంల కాకులు లెవ్వా? ఏదో కాకి తన్ని ఉంటది, ఎవలో టీవోనికి కబురు వెట్టిర్రు. ఇగో నా ఫోను. ఛార్జింగున్నదా సూడు. నువ్వు గీ ముచ్చట జెప్పినకాడి సంది ఒల్లెనే వెట్టుకున్న, మోగలే. ఆయనదైతె ఇంత ఆలిస్యం గాకపోవు. ఎవలన్న సొంతోల్లు ఏడ్వాలె గదా, గందుకు ఆగిండేమో. లచ్చవ్వ గూడ పోయె. ఇగ ఎవలున్నరు ఏడ్వనీకె, గా తెల్లంగాయననా? ఆయన ఏడ్పుకు సావు మల్లిపోతదా?

ఏమట్ల సూస్తున్నవ్? అవ్, ఏడుస్తున్న. మంచిగ సూడు. గింత కడుపార నేను మీ తాత పోయిననాడు గూడ ఏడ్వలే. ఫోను ఆపకు, ఉండనియ్యి, ఇనని. నువ్వు సల్లగుండాలె బిడ్డా, నిండుగ బతకాలె, నీకెన్నడు గిసోంటి కబురు రావద్దు. ఇగ ఏడ్సుడైంది. సావు ముచ్చట నాకు తెచ్చింది నువ్వే గదా. నువ్వే జెప్పాలె ఇగ. జెప్పు బిడ్డా. ఉత్తదే అవ్వా అను…