మంచె మీది కేక

"అవ్వా, నా గులేరు ఏడ దాసినవ్?"

దాసిన, ఇయ్య. గూసో జర. నీ అంత ఉన్నప్పుడు నా చేతుల ఒడిసెల ఉండె. ఏందా? తాడు నడుమ రాయి వెట్టి, గిరగిర తిప్పి ఇడుస్తరు సూడు, గది. నీ పంగలకట్టె రబ్బరు గులేరు దాని ముందర ఏం పనికొస్తది.

నైజాం జమాన ముచ్చట. గోపాల్‌పేట కాడ మా నాయిన జొన్న ఏసిండు. కంకి పాలు వట్టిందంటే సిల్కల మందలు దిగుతయి. నన్ను కావలికి మంచె ఎక్కిచ్చిరి. మాయమ్మ ఒకటే జెప్పింది, రాయి వెట్టొద్దు, మట్టిపెడ్డ వెట్టు, గాలిలనే పలుగుతది, సప్పుడుకే పోతయి అని. నాకు తిక్క గదా. పెడ్డ దూరం పోతలేదని రాయి వెట్టిన. ఒక రాయి పోయి ఈతచెట్టు మీది కల్లులొట్టికి తగిలింది. గీసేటాయన ఏమన్నడో నీకు జెప్ప. రెండోది, కాదు, మూడోది, సిల్క రెక్కకు తగిలింది.

అమ్మ కొట్టలే. సిల్కను నా ఒడిల వెట్టి, "ఇది మల్ల మందల కలిసేదాంక నీదే పూచీ" అన్నది. పసుపు వెట్టిన. కంకులు ఒలిచి తినవెట్టిన. దినాం నాతోనే మంచె ఎక్కేది. నేను పొద్దుందాక "ఓహోయ్, పో పో" అని అరుస్త గదా, అది గా మాటే నేర్సింది. నేను మస్తు మురిసిన. మా నాయిన అయితే, ఇగ పిల్లను దించొచ్చు, సిల్కనే కావలుంటది అనె.

కోతలకు జర ముందు దాని మంద వచ్చింది. ఒకటి మంచె గుంజ మీదనే వాలింది. జోడుదో, తల్లో, తెల్వదు. మా సిల్క ఇంక ఎగరలేదు గదా, రెక్క ఈడ్సుకుంట దాని కాడికి జరిగింది. జరిగి, నా గొంతుతోని, "ఓహోయ్, పో పో" అన్నది.

అది లేచిపాయె. మందంత లేచిపాయె. మా సిల్క మెడ సాపి పిలుస్తనే ఉన్నది. ఏమని పిలుస్తది, దానికొచ్చింది గా మాటే. ఎంత పిలిస్తే అంత దూరం పోయినయి. నాకు ఏడుపు ఆగలే బిడ్డా. మంచె దిగి, ఒడిసెల తీస్కపోయి పొయ్యిల వెట్టిన.

దాసిన అంటి గని, నీ గులేరు గూడ పొద్దుగాల పొయ్యిలనే వెట్టిన. రబ్బరు వాసన రాలే నీకు? అలగకు. సల్లగుండు. ఇగో, రొట్టె తిను. గోడ మీద పిట్ట సూస్తుంది, దానికింత ఏసి తిను. అరవకు... మెల్లగ ఎయ్యి.